తీఱని పగ, తీర్పరాని పగ

మనుష్యుని గూర్చి మనుష్యుడు పలుకు విశేషణములలో కొన్ని వర్ణనలు, కొన్ని తీర్పులు. ఒకనిని పొడవైనవాడనినచో వర్ణించితిమి. క్షమ లేనివాడనినచో తీర్పు చెప్పితిమి. తీర్పు చెప్పువాడు ముందుగా విచారణ జరిపియుండవలెను. న్యాయస్థానమున విచారణ లేని తీర్పును మనమెవ్వరమును సహింపము. అయినను అరుగులమీదను, పెండ్లిపందిళ్ళలోను మన నోటినుండి వెలువడు తీర్పులకు మాత్రము విచారణ యక్కఱలేదని తలంచుచున్నాము. అట్టి తీర్పుమాటలలో నొకదానిని చదువరుల యెదుట నుంచి, దాని యర్థమును, దానిని వాడుటకు మనకు గల యధికారమును పరిశీలింపగోరుచున్నాము.

ఇంగ్లీషున "ఇంప్లేకబుల్" అను విశేషణము కలదు. పరీక్షలకు చదువు బాలురు దీనికి "క్షమింపనివాడు" అని యర్థము వ్రాసికొందురు. అది చాలదు. ఈ మాట లాటిను భాషనుండి వచ్చినది. "ప్లాకారే" యనగా శాంతింపజేయుట, ప్రసన్నుని జేసికొనుట. మనము ఒకరి నేదైన నడుగునపుడు వినయముతో పలుకు "ప్లీజ్" అను మాటయు నా కుదుటినుండియే మొలచినది. ఆ ధాతువునకు ముందు నిషేధమును, తుదను వీలును దెలుపు ప్రత్యయమును జేరగా, "శాంతింపజేయుటకు వీలుకానివాడు" అను నర్థము సిద్ధించినది. ఒకడు క్షమింపలేదని చెప్పినపుడు వాడు చేయని పనిని మాత్రమే చెప్పుదుము. ఇంప్లేకబుల్ అని చెప్పినపుడో, వానిని శాంతింపజేయ ఇతరులు యత్నించిరనియు, ఆ యత్నములెల్ల వ్యర్థములైనవనియు చెప్పినవారమగుదుము. ఈ యొక్క మాటలో ఇరువురు మనుష్యులు దాగియున్నారు: పగ వహించినవాడొకడు, ప్రసన్నుని జేసికొన వచ్చినవాడొకడు. రెండవవాడు రాకముందే మొదటివానిని ఈ పేరుతో పిలిచినచో, అది తొందరపాటు మాత్రమే కాదు, అసత్యము.

దీని చుట్టపు మాటలను గూడ గమనింపుడు. "విండిక్టివ్" అనగా ప్రతీకారమునకై వేచియుండువాడు. ఇంప్లేకబుల్ అగువాడు ప్రతీకారమేమియు చేయకుండవచ్చును. పలుకక, గడప తొక్కక, తన యింట దాను కూర్చుండవచ్చును. "ఇనెగ్జొరబుల్" అనగా ఎంత వేడుకొన్నను కరగనిది. ఈ మాటను విధికిని, కాలమునకును దఱచుగా వాడుదురు. "రిలెంట్‌లెస్" అనగా పట్టు సడలింపక వెంటబడునది. "అన్‌ఫర్గివింగ్" అనగా తప్పును మన్నింపనిది. దీనిని మనుష్యులకే గాక రాతినేలకును, ఎడారికిని, మంచుకొండకును గూడ వాడుదురు. ఇంప్లేకబుల్ అను మాటను శత్రువు, ద్వేషము, ప్రతిఘటనము అను పెద్దమాటల ముందుంచుట ఇంగ్లీషువారి వాడుక. కోడలిమీది చిన్న యలుకకు దీనిని వాడినచో వినువారు నవ్వుదురు. ఇది బరువైన మాట. బరువైన మాటను ఎత్తువాడు దాని బరువును మోయగలిగియుండవలెను.

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల ఏ యూరనైనను జరుగగల సంగతి నొకదానిని తలచుకొందము. అన్నదమ్ములు ఇరువురు చెలక పంచుకొనిరి. నడుమ నొక గట్టు. తమ్ముడు ఏటేట దున్నునపుడు గట్టులోనికి ఒక్క నాగటిచాలు జరుపును. ఒక యేటిది కంటికి గనబడదు, పదియేండ్లది కనబడును. అన్న మొదట చెప్పిచూచును, తరువాత తగవులాడును, పిమ్మట మాటలాడుట మానును. తమ్మునింట పెండ్లియైన పోడు, చావైన వాకిట నిలిచి వెడలిపోవును. పెద్దమనుషులు చేరి, "ఎన్నాళ్ళు ఇట్లుందురు? ఒక్క కడుపున బుట్టినవారు, మఱచిపో" యందురు. అన్న తల యూపడు. అంతట పట్నమున చదివిన బంధువు డొకడు పెదవి విఱిచి, "ఇతడు ఇంప్లేకబుల్" అని యొక్క మాటతో సంగతి ముగించును.

మేమడుగునది ఇంతే. ఆ పెద్దమనుషులలో గట్టు కొలిచినవాడెవడు? "మఱచిపొమ్ము" అని అన్నతో చెప్పినవారు పదిమంది. "జరిపిన గట్టును వెనుకకు జరుపుము" అని తమ్మునితో చెప్పినవాడొక్కడైన కలడా? లేనిచో ఆ యన్నను శాంతింపరానివాడని యెట్లనగలము? అతడు శాంతింపజేయబడనివాడు మాత్రమే. ఈ రెండు మాటలకును నడుమ ఆకాశమునకును భూమికిని గల దూరము గలదు. మొదటిది అతని హృదయమును గూర్చిన తీర్పు. రెండవది మన నిర్లక్ష్యమునకు సాక్ష్యము.

ఈ భేదమును మన తెనుగు ఎంత చక్కగా నిలుపుకొన్నదో చూడుడు. పగ తీఱునందుము. అప్పు తీఱును, ఆకలి తీఱును, దప్పి తీఱును, పగయు తీఱును. నాలుగింటికిని క్రియ యొక్కటియే. ఆకలిగొన్నవానిని దుర్మార్గుడని యెవ్వడు ననడు. వాని కన్నము లేదందురు. అప్పు తీఱలేదనినచో, ఋణపడినవాడు చెల్లింపలేదని యర్థమగును గాని, అప్పిచ్చినవాడు కఠినుడని యర్థము కాదు. "తీఱని పగ" యను మాట యందును ఈ న్యాయమే కలదు: రావలసిన దేదియో ఇంకను రాలేదు. "తీఱని" యనగా ఇప్పటికి తీఱలేదని. తీర్చుటకు వీలులేనిదైనచో "తీర్పరాని" యనవలెను. ఇంగ్లీషు విశేషణము దోషమును మనుష్యునియందు నిలిపినది. తెనుగు క్రియ ముందుగా లెక్కను చూడుమనుచున్నది. పగ "తీర్చుకొనుట" యనగా ప్రతీకారము చేయుటయని లోకమున వాడుక పడినమాట నిజమే. కాని ఒకడు తనంతట దాను తీర్చుకొనబోవుట, ఇతరులెవ్వరును తీర్పకపోవుటచేతనే గదా!

తెలంగాణమున ఉర్దూనుండి మన నోళ్ళకు వచ్చిన "మాఫీ" యను మాటయు ఇట్టిదే. శిస్తు మాఫీ, అప్పు మాఫీ, తప్పు మాఫీ. మూడింటియందును మాఫీ చేయు నధికారము రావలసినవానిదే. పడినవాడు తనకు దాను మాఫీ చేసికొనజాలడు; మధ్యవర్తి చేయజాలడు. అయినను క్షమ విషయమున జరుగుచున్నదేమి? ఋణపడినవాడే వచ్చి, "నీవు నాకు మాఫీ చేయకుండుట నీ యవగుణము" అని మందలించుచున్నాడు! ఇంతకన్న విపరీతమైన న్యాయము మఱియొకటి యుండునా?

ఇది గట్టు తగవుతో ముగియు ముచ్చట కాదు. 1940 మొదలు 1951 వఱకు నల్లగొండ జిల్లా యనుభవించినదంతయు ఈ విశేషణమునకు వ్యాఖ్యానమే. నాటి హైదరాబాదు సంస్థానమున దేశ్‌ముఖుల యేలుబడి యెట్టిదో పెద్దలెఱుగుదురు. జనగామ తాలూకా యపుడు నల్లగొండ జిల్లాలోనిది. అచటి విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి యధీనమున నలువదివేల యెకరములు, అఱువది గ్రామములు నుండెనని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరైనను దొర గడీకి వెట్టి చేయవలసినదే. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ యను చాకలి స్త్రీ కౌలుకు దీసికొన్న భూమిలో పండించిన పంటను గొనిపోవుటకు దేశ్‌ముఖు మనుష్యులను బంపెను. సంఘమువారు అడ్డుపడి, ఆ పంటను ఆమె యింటికి జేర్చిరి. ఆమె యిల్లు తగులబెట్టబడినను ఆమె లొంగలేదు. 1946 జులై 4వ తేదీన కడివెండిలో ఊరేగింపుగా వచ్చిన జనముమీద దేశ్‌ముఖు మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య మరణించెను. అటుపిమ్మట అగ్ని జిల్లా యంతట వ్యాపించినది.

గడీలలో కూర్చున్నవారికి ఆ జనము శాంతింపరాని మూకగా దోచెను. "ఎంత చేసినను వీరికి తృప్తి లేదు" అనుకొనిరి. ఏమి చేసిరి? వెట్టి మాన్పిరా? లాగికొన్న నేల తిరిగి యిచ్చిరా? కొమరయ్య ప్రాణమునకు బదులు చెప్పిరా? ఏమియు చేయక, క్షమ లేదని నిందించుట యొక్కటియే చేసిరి.

అట్లయినచో నిజముగా ఇంప్లేకబుల్ అనదగినవాడు ఆ కాలమున లేడా? కలడు, ఆ మాటకు దగినవాడు ఖాతాపుస్తకముతో గూర్చున్న వడ్డివ్యాపారి. హైదరాబాదు రాజ్యమున భగేలా యను ఆచారముండెడిది. తాత తీసికొన్న కొద్ది రూకల యప్పునకై తండ్రి పాలేరుగా పనిచేయును. తండ్రి మరణింపగా కొడుకు చేయును. మూడు తరములు చాకిరి చేసినను అసలు తఱుగదు. కఱవు నాడు అప్పిచ్చిన గింజలకు నాగువడ్డి కట్టి, కళ్ళమున కుప్పనంతయు కొలుచుకొనుచుండిరి. దీనిని నియమించుటకు నిజాము ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందముల శాసనము చేసెను. అయినను ఆచారము చావలేదు. వెట్టిచాకిరిని దేశమంతట నిషేధించు చట్టము 1976లో గాని రాలేదు. ఇచట గమనింపుడు: ఋణపడినవాడు ఇచ్చుచునే యున్నాడు, పుచ్చుకొనువాడు తృప్తిపడకున్నాడు. రావలసినది వచ్చిన పిమ్మటను శాంతింపని యట్టి మనస్సే నిజముగా తీర్పరానిది. ఇంగ్లీషు మాట యొక్క సరియైన గుఱి అది. రావలసినది రాక మండుచున్నవానికి ఆ పేరు పెట్టి, వచ్చినను చాలదను వానిని "గట్టి మనిషి" యని గౌరవించుట లోకము చేయుచున్న తప్పు.

1951లో నల్లగొండకు వినోబా భావే పాదచారియై వచ్చెను. ఆయన పల్లెలకు బయలుదేఱుటకు ముందు హైదరాబాదు చెఱలోని కమ్యూనిస్టులను గలిసికొని వారి మాటలు వినెను. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి చేరెను. అచటి హరిజనవాడకు పోయి ఆయన క్షమను గూర్చి యుపన్యసింపలేదు. ఏమి కావలెనని యడిగెను. ఎనుబది యెకరములున్న బ్రదుకుదుమని వారు చెప్పిరి. ఆయన ఆ మాటనే సభలో ప్రకటింపగా, వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరములు ఇచ్చెదనని లేచి నిలిచెను. భూదానోద్యమము అట్లు పుట్టినది. దాని తరువాతి ఫలితములను మేము అధికముగా జేసి చెప్పము. దేశమున దానమిచ్చిన నేలలో సాగునకు రానిది చాల గలదు. కాగితముమీద నిలిచి పేదవాని నాగలికి అందనిదియు చాల గలదు. పోచంపల్లి పుటకు ప్రక్కన, 1949లోని జాగీర్ల రద్దును, 1950లోని హైదరాబాదు కౌలుదారీ చట్టమును గూడ నుంచవలెను. అవి దానములు కావు, హక్కులు. అయినను ఆ సాయంకాలము మనకు నేర్పు పాఠమొకటి కలదు. శాంతి కోరి వచ్చినవాడు మొదట పలుకవలసినది "మఱచిపొమ్ము" అని కాదు, "నీకేమి రావలెను?" అని. ఆ ప్రశ్న యడుగబడిన చోట, శాంతింపరానివారని పేరువడిన జనము అడిగినది ఎనుబది యెకరములు మాత్రమే.

ఇక నొక యాక్షేపణము. "అట్లయినచో క్షమ యనునది వర్తకమా? చెల్లించిన పిదప విడుచుట లెక్క తీర్చుట యగును గాని క్షమ యెట్లగును? తీర్పనలవిగాని నష్టముల మాటయేమి?" అని చదువరు లడుగవచ్చును. ఈ యాక్షేపణము యథార్థమైనది. చంపబడిన కొడుకునకు వెల గట్టువాడెవడు? ఐలమ్మ పాలకుర్తికి సమీపముననే బమ్మెర యను గ్రామము కలదు. పోతన యూరని ప్రసిద్ధి. ఆయన తెనిగించిన భాగవతపు ప్రథమస్కంధమున ద్రౌపది కథ యీ ప్రశ్నకు ఉత్తరమిచ్చుచున్నది. భారతమున, అరణ్యవాసకాలమున ధర్మరాజు ఆమెకు క్షమను బోధించెను. ఆమె యొప్పుకొనలేదు, ఎల్లవేళల క్రోధము తగనట్లే ఎల్లవేళల క్షమయు తగదని ప్రహ్లాదుని మాటలతో వాదించెను. నాటికి కౌరవులు ఇచ్చినదేమియు లేదు. పశ్చాత్తాపపు మాట యొక్కటియు రాలేదు. ఆ ద్రౌపదియే, నిద్రించుచున్న తన యేవురు కొడుకులను జంపిన యశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు నిలిపినపుడు, విడువుమని వేడుకొన్నది. తాను బిడ్డలకై యేడ్చుచున్నట్లు వీని తల్లి కృపి యేడ్వరాదన్నది. వాని శిరోమణిని గైకొని వెడలగొట్టిరి. ప్రాణము మాత్రము దక్కినది.

అడవిలోని ద్రౌపదికిని ఈ ద్రౌపదికిని విరోధము లేదు. అడవిలో ఆమెను క్షమింపుమని కోరిరి. శిబిరమున ఆమెను కోరినవారు లేరు. తీర్పనలవిగాని ఋణమును మాఫీ చేయుట మనుష్యునకు సాధ్యమే. అది మహోన్నతమైన దానము. కాని దానమును పన్నువలె వసూలు చేయరాదు. బాధితుడు తనంతట దాను ఇచ్చినచో అతనికి నమస్కరింతము. ఇయ్యనిచో అతనిని నిందించు హక్కు మనకు లేదు. నష్టము చేసినవానికి అసలే లేదు.

ఇంతవఱకు పగబూనినవాని పక్షమున వాదించితిమి. ఇపుడు అతని వైపు తిరిగి యొక మాట చెప్పక విడువరాదు. పగ యాకలివంటిదని యంటిమి. అన్నము వచ్చిన పిమ్మటను నిలుచు నాకలి రోగము. గట్టు వెనుకకు జరిగినది, తమ్ముడు వాకిట నిలిచి తల వంచినాడు. అయినను అన్న, "నాడు పది యేండ్లు నీవు దున్నితివి, నేడు పది యేండ్లు నేను పలుకను" అనినచో, అతడు రావలసినదానిని గాక, పగనే ప్రేమించుచున్నాడు. అట్టివానికి పగయే ఆస్తి. అది తీఱినచో తాను దరిద్రుడనగుదునని యతని భయము. తండ్రి పగను కొడుకునకు వ్రాసియిచ్చు నిండ్లు మనలో కొన్ని గలవు. మాకిది రావలెనని చెప్పలేనివాడును, వచ్చినను పుచ్చుకొననివాడును, తనకు నష్టము చేయని వారి బిడ్డలను గూడ ద్వేషించువాడును, ఈ మువ్వురు తమ్ము దాము పరీక్షించుకొనవలెను. వారికి ఆ యింగ్లీషు విశేషణము తగును. ఇతరులు పెట్టుటకంటె ముందు తమకు దామే పెట్టుకొని చూచుకొనుట మంచిది.

మా ప్రాంతపు నేలను గూర్చి బయటివారు "అన్‌ఫర్గివింగ్" అని వ్రాయుట కలదు. ఎఱ్ఱచెలకలు, గుండ్లగుట్టలు, చాలని వానలు. పాలమూరినుండి పని వెదకికొనుచు దూరదేశములకు వలసపోయిన కూలీల కథలు. ఇవి చూచి అట్లందురు. నేల క్షమింపనిదట! సంస్కృతమున క్షమ యను మాటకు ఓర్పనియు, భూమియనియు రెండర్థములు. ఈ నేల నిజముగా కఠినురాలా? పానగల్లు చెఱువువంటి చెఱువులను ద్రవ్వించి నీటిని నిలిపిన పూర్వులకు ఇదే నేల వరి నిచ్చినది. పూడిక తీయక, తూములు చెడనిచ్చి, పిమ్మట పంటలేదని నిందించినవారికి ఇయ్యలేదు. దానికి రావలసిన నీటిని దానికిచ్చినచో నేటికిని పండును. నేలయు శాంతింపరానిది కాదు. దాని దప్పి తీఱలేదు, అంతియే.

దసరానాడు మా యూళ్ళలో జమ్మియాకును బంగారమని చేతబెట్టి, అలాయి బలాయి యని కౌగిలించుకొను నాచారము కలదు. ఏడాది పొడుగున పలుకనివారును ఆ సాయంకాలము పలుకుదురు. జమ్మి, పాండవులు తమ యాయుధములను దాచిన చెట్టు. ఆ యాకు చేతిలోనికి వచ్చినపుడు వ్యర్థముగా రాల్చకుడు. కాని మీ వలన నష్టపడినవాని యొద్దకు దానిని గొనిపోవునపుడు, పగటివేళ పొలమునకు బోయి గట్టు కొలిచి, సాయంకాలము ఆకు గొనిపొండు. ఆకు బంగారమగుట అపుడే. నష్టపడినవారలారా! కొలిచి తెచ్చిన యాకును త్రోసివేయకుడు. మధ్యవర్తులారా! ఎవనినైన క్షమ లేనివాడనుటకు ముందు, వాని గడప యెక్కి "అన్నా, నీకేమి రావలెను?" అని యొక్కమాఱు అడిగి చూడుడు. సర్వభూతముల ఋణములను ఎఱిగిన పరమేశ్వరుడు మన నాలుకకు ఆ ప్రశ్నను ముందును, తీర్పును వెనుకను అనుగ్రహించుగాక!